ఎనభైకి అరవై ఒకటి

మనిషికి ఎంత దిగులుందో కొలవడానికి ఒక కాగితం ఉంది. అందులో పదహారు వాక్యాలు. ఒక్కో వాక్యం చదివి, అది మనకు ఎంతవరకు వర్తిస్తుందో ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకె వెయ్యాలి. అన్నీ కూడితే తక్కువలో తక్కువ పదహారు వస్తుంది, ఎక్కువలో ఎక్కువ ఎనభై. అంకె ఎంత పెరిగితే ఆ మనిషికి అంత దిగులు అన్నమాట. పది నిమిషాల పని. ఆ కాగితంతో నేను మా మేనత్తను కొలిచాను. కొలిచి, ఆమెకు ఉండటానికి ఉన్న గది లేకుండా చేశాను. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదని నాకూ తెలుసు. మీ జాలి కోసం కూడా చెప్పడం లేదు. జాలి పడాల్సి వస్తే ఎవరి మీద పడాలో ముందు ముందు మీకే తెలుస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి పోతే ఆడపిల్లల హాస్టల్ ఒకటుంది. నాలుగంతస్తులు, గదికి నాలుగు మంచాలు. గ్రూప్స్‌కని, బ్యాంకు పరీక్షలకని, సాఫ్ట్‌వేర్ కోర్సులకని కోచింగ్ తీసుకునే పిల్లలు ఉంటారు. మేనత్తను నేను అత్తమ్మ అంటాను; ఆమె అక్కడ తొమ్మిదేళ్లు వార్డెన్‌గా చేసింది. నేను అదే హాస్టల్ ఆఫీసులో కూర్చుని అడ్మిషన్లు చూసేదాన్ని. ఆ పని ఇప్పించింది అత్తమ్మే. అంతకుముందు నా డిగ్రీ మూడేళ్లూ నేను ఉన్నది ఆమె గదిలోనే. గేటు పక్కన చిన్న గది. ఒక మంచం, ఒక రేకు పెట్టె, గోడకు నాలుగు దేవుడి పటాలు, కిటికీలోంచి చూస్తే గేటు. మంచం నాకిచ్చి ఆమె కింద పడుకునేది. ఆమెకు మొగుడు పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు, నల్లగొండ వైపు ఊళ్లో ఉన్న ఇల్లు మరుదుల పాలైంది. ఆ గదిలోంచి బయటికొస్తే ఆమెకు ఇది నాది అని చెప్పుకునే జాగా ఎక్కడా లేదు. ఇది నాకు బాగా తెలుసు.

అత్తమ్మకు దిగులెక్కువ అని అందరూ అనేవాళ్లు. అందరికన్నా ముందు నేను అనేదాన్ని. ఏ పిల్ల గేటు దాటినా మూడు ప్రశ్నలు: "ఏడికి బిడ్డా? ఎవరితోని? ఎప్పుడొస్తవ్?" సాయంత్రం ఏడయ్యేసరికి గేటు దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లను వచ్చినట్టు వేళ్ల మీద లెక్కపెట్టేది. ఒకరు తగ్గితే ఫోను. ఆ పిల్ల ఎత్తకపోతే ఆ పిల్ల రూమ్మేట్‌కు ఫోను. ఆమె కూడా ఎత్తకపోతే నాకు ఫోను, నేను పక్క గదిలో ఉన్నా సరే. గీజర్లు ఆపారా లేదా అని మోకాళ్లు పట్టుకుని నాలుగంతస్తులూ ఎక్కేది. వంటింట్లోకి పోయి సిలిండర్ దగ్గర వంగి వాసన చూసేది. వంటమనిషి మూతి ముడిచేది.

నా సంగతి ఇంకా అన్యాయం. డిగ్రీ పరీక్షలకు నా వెంట సెంటర్ దాకా వచ్చి, ఎండలో గొడుగేసుకుని మూడు గంటలూ గోడ బయట నిలబడేది. నా స్నేహితురాళ్లు కిటికీలోంచి గొడుగు చూసి కిసుక్కున నవ్వేవాళ్లు. నా మొదటి ఇంటర్వ్యూకి కూడా వచ్చింది. వచ్చి ఊరుకుందా? ఇంటర్వ్యూ చేసే ఆయన బయటికి రాగానే, "సారూ, ఆడపిల్లల బాత్రూముకు లోపట గడియ ఉన్నదా?" అని అడిగింది. ఆ ఉద్యోగం నాకు రాలేదు. గడియ ఉందో లేదో కూడా తెలియలేదు. ఆ రోజు బస్సులో ఆమె పక్కన కూర్చోకుండా వెనక సీటులో కూర్చున్నాను.

పెళ్లయి ఎల్బీనగర్‌లో కాపురం పెట్టాక కూడా పీడ వదల్లేదు. ఆఫీసు నుంచి ఇంటికి చేరేసరికి ఏడు. సరిగ్గా ఏడింటికి ఫోను. "చేరినవా బిడ్డా?" గంట కిందటే ఆమె గది ముందు నుంచే నడిచి వచ్చి ఉంటాను. ఒక్కోసారి ఒళ్లు మండిపోయి, "చచ్చిన" అనేదాన్ని. "గట్లనకే! తథాస్తు దేవతలు తిరుగుతుంటరు" అని ఫోన్లోనే ఉలిక్కిపడేది. నాకు అదొక సరదా అయింది. ఆమెను భయపెట్టడానికి పెద్ద కష్టపడనక్కర్లేదు, ఫోన్ రెండుసార్లు ఎత్తకపోతే చాలు.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఇళ్లలో ఎవరైనా "బాగున్నరా?" అని అడిగితే బాగున్నాం అని అనరు. "ఏదో, గిట్ల ఉన్నం" అంటారు. పిల్లాడు బొద్దుగా ఉంటే "బక్కగైండు" అంటారు. సుఖంగా ఉన్నానని నోటితో అంటే ఆ సుఖానికి దిష్టి తగులుతుందని నమ్మకం. సైకాలజీ ఎమ్మే దూరవిద్యలో చదువుకుంటున్న నేను కూడా ఈ రోజుకీ ఎవరైనా ఎలా ఉన్నావంటే "ఏదో" అనే అంటాను. అది మా నోట్లో పుట్టుకతో వచ్చిన మాట.

హాస్టల్ ఓనర్‌ను అందరం మేడం అనేవాళ్లం. గుంటూరు వైపు మనిషి, పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఇక్కడే. మెత్తగా మాట్లాడేది. ఒకసారి రెండో అంతస్తులో ఒక పిల్లకు జ్వరం వచ్చింది. అత్తమ్మ డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, తడిగుడ్డలు వేసి, అంతటితో ఆగకుండా దేవరకొండలో ఉన్న ఆ పిల్ల నాయినకు ఫోన్ చేసింది. ఏమని చెప్పిందో ఏమో, ఆయన జీపు మాట్లాడుకుని ముగ్గురు మనుషుల్ని వెంటేసుకుని దిగాడు. పిల్లను తీసుకుపోయాడు. అది చూసి ఆ గదిలో మిగతా ముగ్గురి ఇళ్లలోనూ కంగారు పుట్టి, వాళ్లూ ఖాళీ చేశారు. జ్వరం రెండో రోజుకే తగ్గిందట. నాలుగు మంచాలు మాత్రం ఖాళీ.

మేడం నన్ను పైన వాళ్లింటికి పిలిచింది. కాఫీ ఇచ్చింది. నాకు కాఫీ ఇవ్వడం అదే మొదలు.

"మీ మేనత్త మంచావిడేనమ్మా, కాదనట్లేదు. కానీ ఆవిడ భయం చూసి తల్లిదండ్రులు భయపడుతున్నారు. తొమ్మిదేళ్లు చేసిన మనిషిని పొమ్మంటే నా నోటికి రావట్లేదు. రేపు నలుగురూ నన్నే అంటారు. నువ్వు సైకాలజీ చదువుతున్నావుగా, ఏవో టెస్టులుంటాయంటగా? ఏదో ఒకటి కాగితం మీద ఉంటే నాకు కాస్త వీలుగా ఉంటుంది" అంది. కాఫీ తాగి కప్పు కింద పెడుతుంటే, "అన్నట్టు ఎల్బీనగర్‌లో రెండో బ్రాంచి తీసుకుంటున్నాం. నీకు ఇంటి దగ్గరేగా, అక్కడ అన్నీ నువ్వే చూసుకుందువుగాని" అంది.

ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదు. ఆలోచించుకుని చెబుతానని కూడా నేను అనలేదు. "ఉందండీ ఒక టెస్టు" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం, పిల్లలంతా క్లాసులకు పోయాక, కాగితం పట్టుకుని అత్తమ్మ గదికి వెళ్లాను. మంచం మీద కూర్చుని ఉతికిన దుప్పట్లు మడతపెడుతోంది.

"అత్తమ్మా, నీకొక పరీక్ష పెట్టాలె. మేడం చెప్పింది."

"నాకా? ఈ వయసులనా?" అని నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి, "ఎల్బీనగర్ల కొత్త హాస్టల్ ఒస్తున్నదట గదా, దానికేనా?" అని అడిగింది.

"కావచ్చు" అన్నాను.

ఆ "కావచ్చు" అనకుండా ఉండొచ్చు. అన్నాను. అంతే, ఆమె దుప్పట్లు పక్కన పడేసి లేచింది. మొహం కడుక్కుని, జుట్టు సర్దుకుని, దేవుడి పటాల ముందు అగరుబత్తి వెలిగించింది. పరీక్షల రోజు పిల్లలు ఏం చేస్తారో తొమ్మిదేళ్లుగా చూసింది కదా, అన్నీ వరసగా చేసింది. తూర్పు ముఖంగా కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఇగ అడుగు బిడ్డా" అంది.

"మనిషి ఎంత పరేషాన్ అయితడో చూసే పరీక్ష ఇది."

"గదేనా! గదైతె నేను మస్తుగ అయిత. నువ్వే అంటవు గదా."

నేనూ అలాగే అనుకుని వెళ్లాను. అన్నిటికీ ఐదు చెబుతుంది, కూడేసుకుని వచ్చేయొచ్చు అనుకున్నా. తీరా అడగడం మొదలుపెట్టాక ఆమె తొందరపడలేదు. ప్రతి వాక్యం రెండుసార్లు చదివించుకుంది. ఏ పని మొదలుపెట్టినా అది చెడిపోతుందేమోనని ముందే భయపడతాను అనే తరహా వాక్యానికి కాసేపు ఆలోచించి, "మూడెయ్యి. అన్ని పనులకు కాదు గదా" అంది. దిగులు మొదలైతే ఆపుకోలేను అనేదానికి, "రెండెయ్యి. పిల్ల గేట్లకొచ్చినంక ఇంకేం దిగులు? బువ్వ తింట, పండుకుంట" అంది. పిల్లల విషయం వచ్చినచోట నాలుగులు, ఐదులు చెప్పింది. తన విషయం వచ్చినచోట రెండులు, మూడులు. ఇన్నేళ్లూ ఆమె దిగులంతా మా గురించేనని, తన గురించి ఆమెకు పెద్దగా ఏ భయమూ లేదని ఆ కాగితం మీద నాకు స్పష్టంగా కనబడుతోంది. అది చూసి నాకు చిరాకే వేసింది. అంకె సరిపోదు.

ఈ పదహారింటిలో ఐదు వాక్యాలు తిరగేసి ఉంటాయి. అంటే నాకు దిగులు తక్కువ, నేను నిశ్చింతగా ఉంటాను అనే రకం. వాటికి ఒకటి వేస్తే, కూడేటప్పుడు దాన్ని ఐదుగా మార్చాలి. నాలుగు వేస్తే రెండుగా మార్చాలి. అలాంటి వాక్యం మొదటిది చదివాను: ఒక పని అయిపోయిన తర్వాత దాని గురించి ఇక ఆలోచించను.

"ఎందుకాలోచిస్త?" అంది అత్తమ్మ. "నీ డిగ్రీ అయిపోయినంక మల్ల ఎన్నడన్న అనుకున్ననా? నీ పెండ్లి అయినంక అనుకున్ననా? అయినయ్, దేవునికి దండం పెట్టిన, ఇడిసిన."

"అయితే నాలుగెయ్యనా, ఐదా?"

"అమ్మో, ఒద్దు! ఒకటెయ్యి."

"అదేంది? ఇప్పుడే చెప్తివి గదా?"

"నీతోని చెప్పిన. కాయిదం మీద ఎందుకు? నాకే రంది లేదని నా నోటితోని రాయిచ్చుకుంటె ఉంటదా అది? దిష్టి తగల్తది. ఒకటెయ్యి బిడ్డా, ఒకటే ఎయ్యి."

ఒకటి వేశాను. మిగతా నాలుగింటికీ అంతే. ప్రతిదానికీ ముందు నిజం చెప్పింది, తర్వాత చెంపలేసుకుని "ఒకటెయ్యి" అంది. ఐదు ఒకట్లు. మార్చితే ఐదు ఐదులు. ఇరవై ఐదు.

వాక్యం అర్థం కాకపోతే మళ్లీ వివరించాలని, వాళ్ల మనసులో ఉన్నదే రాయాలని మాకు కాంటాక్ట్ క్లాసుల్లో చెప్పారు. ఇంకెవరికైనా ఆ ఒకట్లు చూసి అనుమానం రాకపోవచ్చు. ఆ కాగితం తయారుచేసిన వాళ్లకు మా నల్లగొండ నోళ్ల సంగతి తెలియకపోవచ్చు. నాకు తెలుసు. అదే నోరు నాకూ ఉంది. తెలిసి, నోరు మూసుకుని వేసుకుంటూ పోయాను.

ఫోన్లో లెక్క వేశాను. మిగతా పదకొండుకు ముప్పై ఆరు, వీటికి ఇరవై ఐదు. అరవై ఒకటి. అరవై దాటితే దిగులు చాలా ఎక్కువ అని కాగితం అడుగున ఉంది. ఒక్క అంకెతో దాటింది. ఆ ఐదింటికీ ఆమె మనసులో ఉన్నది రాసి ఉంటే యాభై కూడా వచ్చేది కాదు.

"ఎన్నొచ్చినయ్?" అంది అత్తమ్మ, అరచేతులు చీరకు తుడుచుకుంటూ.

"అరవై ఒకటి."

"ఎంతకు?"

"ఎనభైకి."

ఆమె మొహం వెలిగిపోయింది. "ఎనభైకి అరవై ఒకటా! ఫస్ట్ క్లాసు గదనే!"

దిల్‌సుఖ్‌నగర్‌లో తొమ్మిదేళ్లున్న మనిషికి మార్కులంటే ఎక్కువ వస్తే మంచిది, తక్కువ వస్తే ఏడుపు. ఇంకో రకం మార్కులుంటాయని ఆమెకు ఎవరు చెప్పారు? పైగా ఆమె లెక్క ఆమెకుంది. "వార్డెనుకు గా రంది లేకపోతె ఎట్ల బిడ్డా? పరాయోళ్ల పిల్లలు. రంది లేనోళ్లను గేటుకాడ కూసోబెడ్తరా?" అంది. పరీక్ష పెట్టింది అందుకేనని, ఎంత దిగులుంటే అంత మంచి వార్డెన్ అని ఆమె అనుకుంది. ఆ మాట అంత తేలిగ్గా తీసిపారేసేదేమీ కాదు. కానీ ఆ రోజు నాకు నవ్వొచ్చింది.

"పాసైనవ్ అత్తమ్మా" అన్నాను.

సాయంత్రానికి దూద్‌పేడా డబ్బా తెప్పించింది. నలుగురి నోట్లో తీపి పడితే దిష్టి తగలదట. గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, లోపలికొచ్చే ప్రతి పిల్ల చేతిలో ఒక పేడా పెట్టి, "నాకు పరీక్షల ఎనభైకి అరవై ఒకటొచ్చినయ్" అని చెప్పింది. కొందరు కంగ్రాట్స్ ఆంటీ అన్నారు. ఒక పిల్ల ఆఫీసులోకి వచ్చి అదేం పరీక్ష అక్కా అని అడిగింది. చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది, కానీ చెబుతుంటే భలే మజా అనిపించింది. ఆ పిల్ల పేడా నోట్లో పెట్టుకుని పొలమారేట్టు నవ్వింది.

మర్నాటికి నాలుగంతస్తులకీ పాకింది. అత్తమ్మ పేరు సిక్స్‌టీ వన్ అయింది. "సిక్స్‌టీ వన్ గేటు దగ్గరే ఉంది, జాగ్రత్త." "సిక్స్‌టీ వన్ పైకొస్తోంది, గీజర్ ఆపవే." ఒకత్తి మరీ ముదురు, ఎదురుగానే "గుడ్ మార్నింగ్ సిక్స్‌టీ వన్ ఆంటీ" అనేది. అత్తమ్మ మార్కులు గుర్తుపెట్టుకుని మర్యాదగా పిలుస్తున్నారనుకుని, "గుడ్ మార్నింగ్ బిడ్డా, తిన్నవా?" అనేది. ఆఫీసు అద్దంలోంచి చూస్తూ నేనూ నవ్వాను. ఒక్కసారి కాదు, చాలాసార్లు.

వారం తర్వాత మేడం ఆమెను పిలిపించింది. టెస్టులో వచ్చినదాన్ని బట్టి మీకు విశ్రాంతి అవసరమండీ, ఇదిగో మీ మేనకోడలే చేసింది కదా అని కాగితం చూపించి, నెలాఖరుకు గది ఖాళీ చెయ్యమందట. అత్తమ్మ సరాసరి నా దగ్గరికొచ్చింది. అడ్మిషన్ కోసం ఎవరో కూర్చుని ఉంటే వాళ్లు లేచేదాకా గోడకు ఆనుకుని నిలబడింది. తర్వాత మెల్లగా అడిగింది.

"అరవై ఒకటి సాలలేదట గదా బిడ్డా. కటాఫ్ ఎంత ఉండె?"

అప్పుడైనా చెప్పొచ్చు. అవి ఆ రకం మార్కులు కావు అత్తమ్మా, ఎంత ఎక్కువొస్తే అంత జబ్బని అర్థం, నీకు ఆ జబ్బు కూడా లేదు, నేను రాసుకున్నాను అని చెప్పొచ్చు. చెబితే ఆమె పైకి వెళ్లి మేడంతో తేల్చుకునేదేమో. నా ఎల్బీనగర్ పోయేదేమో.

"డెబ్బై" అన్నాను.

"అయ్యో" అంది. "తొమ్మిదిట్ల పోయింది." పోబోతూ వెనక్కి తిరిగి, "మల్ల ఎప్పుడు పెడతరు?" అని అడిగింది.

"చూద్దాం. చెప్త."

ఆమెను మా ఇంటికి తెచ్చుకోవచ్చు కదా అని మీరంటారు. మా ఆయన కూడా అదే అన్నాడు, ఉండనీ, మనకేం బరువు అన్నాడు. నేనే వద్దన్నాను. పొద్దున లేస్తే ఏడికి, ఎవరితోని, ఎప్పుడొస్తవ్. ఆ మూడు ప్రశ్నలు మళ్లీ నా గడపలో వద్దు. మా ఇల్లు ఇరుకు అని ఆమెతో చెప్పాను. "అవును బిడ్డా, నాకెరుక లేదా" అంది. తుర్కయంజాల్‌లో మాకు దూరపు చుట్టాలు ఇల్లు కట్టుకున్నారు, మెట్ల కింద ఒక గది ఖాళీగా ఉంది. వంట చేసిపెడుతూ ఉంటానంటే సరే అన్నారు. ఆటో నేనే మాట్లాడాను. రేకు పెట్టె వెనక పెట్టి, దేవుడి పటాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆటో కదిలాక తల బయటికి పెట్టి, "ఒంటింట్ల గ్యాసు బంద్ జేసిండ్రా సూడుమను!" అని అరిచింది. గేటు దగ్గరున్న పిల్లలు ఘొల్లుమన్నారు.

కొత్త వార్డెన్‌కు కూడా నేనే టెస్టు పెట్టాను. నవ్వుతూ టకటకా చెప్పింది. ఇరవై నాలుగు వచ్చింది. రోజంతా ఫోన్లో వీడియోలు చూసుకుంటూ కూర్చునేది, ఎవరొచ్చారో ఎవరు పోయారో తల ఎత్తేది కాదు. ఆ తర్వాత హాస్టల్లో ఏదో ఘోరం జరిగి ఉంటుందని, మాకందరికీ బుద్ధి వచ్చి ఉంటుందని మీరు ఎదురు చూస్తున్నారేమో. ఏమీ జరగలేదు. గీజర్లు పేలలేదు, సిలిండర్ లీకవ్వలేదు, జ్వరాలు వచ్చి తగ్గిపోయాయి. పిల్లలు హాయిగా ఉన్నారు. మంచాలన్నీ నిండాయి.

నేను ఎల్బీనగర్ బ్రాంచికి ఇన్‌ఛార్జిగా వచ్చాను. ఇక్కడ కూడా గేటు పక్కన ఒక గది ఉంది, అచ్చం అలాంటిదే, కిటికీలోంచి గేటు కనబడుతుంది. దాని తాళం నా దగ్గరే ఉంటుంది. అందులో బియ్యం బస్తాలు, పాత పరుపులు వేయించాను. ఎవరినైనా ఉంచుకోవాలంటే మేడంను అడగనక్కర్లేదు, ఆమె ఇటువైపు రావడమే తక్కువ.

ఏడింటి ఫోను మాత్రం ఆగలేదు. "చేరినవా బిడ్డా?" తర్వాత ఇంకో ప్రశ్న కొత్తగా చేరింది. "నోటిఫికేషన్ పడ్డదా?" పిల్లల నోట్లోంచి నేర్చుకున్న మాట. "ఇంకా పడలే అత్తమ్మా." "సరే తీయ్. పడ్డప్పుడు చెప్పు, జర ముందుగాల్నే చెప్పు, చదువుకోవాలె." ఇలా ఎనిమిది నెలలు.

ఈ మధ్య ఆ చుట్టాలింట్లో పిల్లాడి పుట్టినరోజుకు రాక తప్పదన్నారని పోయాను. ఆ ఇంటి కోడలు నన్ను వంటింట్లోకి లాగి గుసగుసగా మొదలుపెట్టింది. "మీ అత్తతోని పరేషాన్ అయితున్నది అక్కా. పొద్దుగాల నుంచి సిలిండర్ కాడికి ఎన్నిసార్లు పోతదో లెక్క లేదు. తలుపు గడియ ఏస్తది, తీస్తది, మల్ల ఏస్తది. ముద్ద దిగది. మేం ఏమన్న అన్నమా అంటె అనలే. ఊకె, నన్ను పొమ్మంటరా, పొమ్మంటరా అని అడుగుతది. అడిగీ అడిగీ ఇప్పుడు మాకే అనిపిస్తున్నది. పండుగ దాకా చూస్తం, తర్వాత మీరే ఏదన్న ఆలోచన చెయ్యిండ్రి."

మెట్ల కింద గదిలోకి వంగి వెళ్లాను. అత్తమ్మ సగమైంది. జాకెట్టు భుజాల మీంచి జారుతోంది. నన్ను చూడగానే తలుపు దగ్గరికేసి, "ఒచ్చినవ్ గదా, ఇప్పుడే పెట్టు. కాయిదం ఉన్నదా?" అంది.

"ఇప్పుడెందుకత్తమ్మా?"

"పెట్టు బిడ్డా. నోటిఫికేషన్ పడ్డనాడు చూపియ్యొచ్చు. ఈడ ఇగ ఎక్కువ దినాలు ఉండనియ్యరు, నాకు సమజైంది."

కాగితం ఫోన్లో ఉంది. ఆమె అగరుబత్తి వెలిగించింది. తూర్పుకు తిరిగి కూర్చునే జాగా ఆ గదిలో లేక, మెట్ల వైపు తిరిగి కూర్చుంది. చదవడం మొదలుపెట్టాను. ఈసారి ఏదీ రెండోసారి చదివించుకోలేదు. ముందే భయపడతానా, ఐదు. అన్నిటి గురించీ దిగులేనా, ఐదు. దిగులు మొదలైతే ఆపుకోలేనా, ఐదు. నాకు దిగుల్లేదు అనే ఐదింటికి మాత్రం మునుపటిలాగే ఒకటి, ఒకటి, ఒకటి. ఈసారి వాటికి ముందు ఇంకో మాట ఏదీ చెప్పలేదు.

మార్కుల కోసం చెబుతోందని మొదట అనుకున్నాను. కోచింగ్ పిల్లల్లాగా కిటుకు పట్టిందనుకున్నాను. ఫోను మీంచి తలెత్తి చూశాను. గోళ్లు కొరుక్కుని వేళ్ల చివర్లు పుండ్లు పడి ఉన్నాయి. చేతులు ఒళ్లో పెట్టుకుని కూడా గోళ్ల పక్కన తోలు పీక్కుంటూనే ఉంది. ఒక్క అబద్ధం కూడా చెప్పడం లేదు. పోయినసారి వచ్చిన అరవై ఒకటి నేను చేసిన లెక్క. ఈసారి వచ్చింది అచ్చంగా ఆమెదే.

"ఎన్నొచ్చినయ్ బిడ్డా?"

"ఎనభై."

"ఎంతకు?"

"ఎనభైకి."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, "ఎవ్వరికి చెప్పకు, దిష్టి తగల్తది" అంది. పుండ్లు పడ్డ వేళ్లు నా చేతికి గరుగ్గా తగిలాయి. "గేటు పక్కన రూము ఉన్నదా ఆడ? కిటికీ ఉన్నదా?"

"ఉన్నది."

"పెట్టె సర్ది పెట్టుకుంట. ఎన్నడు రమ్మంటరో ఫోన్ జెయ్యి."

"చేస్త" అన్నాను.

అది జరిగి పన్నెండు రోజులైంది. నేను చెయ్యలేదు. గదిలో బస్తాలు తీయించడం పూటలో అయ్యే పని. తీయిస్తే ఆమె వస్తుంది. వస్తే రోజూ ఆ చేతులు చూడాలి. ఒకరోజు కాకపోతే ఒకరోజు, మొదటిసారి నాకెందుకు తక్కువొచ్చినయ్ బిడ్డా అని అడుగుతుంది.

నిన్న కూడా సరిగ్గా ఏడింటికి ఫోను మోగింది. కౌంటర్ మీద బోర్లా పెట్టి ఉంది, మోగుతూ కొంచెం కొంచెం జరుగుతోంది. ఆగింది, మళ్లీ మోగింది. నేను ఎత్తకపోతే ఆమెకు కాళ్లూ చేతులూ ఆడవని నాకు తెలుసు. అది పూర్తిగా ఆగిపోయేదాకా చూసి, పిల్లలంతా వచ్చారో లేదో అటెండెన్స్ రాసుకున్నాను.